ఘాట్ ఎక్కే బండికి చల్లగాలి: ఎయిర్ క్లీనర్ మూతి మనమే మార్చుకోవడం ఎలా

విజయనగరం నుంచి సాలూరు దాకా మా టాటా 407 మినీ లారీతో ఏ పేచీ లేదు. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ అందుకుందంటే మాత్రం రెండో గేరులో పడిపోయి నల్లపొగ కక్కుతూ ఎక్కేది. అదీ ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లోనే. అదే లోడు, అదే చెయ్యి, తెల్లారగట్ల ఎక్కితే ఆ పొగలో సగం కూడా ఉండేది కాదు. ఒకరోజు సుంకిలో టీకి ఆగితే, మా వెనకే లారీలో వచ్చిన బావ దిగి మొహం తుడుచుకుంటూ, "ఏటి బావా, నీ బండి డీజిల్ మీద నడుస్తందా, తాటాకుల మీద నడుస్తందా?" అన్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లందరూ నవ్వారు.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు టెస్టు చేయించాను. కొత్త ఫిల్టరు వేశాను. డీజిల్ పంపు కూడా ఒకసారి చూపించాను. తేడా లేదు. చివరికి బానెట్ ఎత్తి టార్చిలైటు వేసుకుని గంటసేపు కూర్చుంటే తెలిసింది, బండి బయటి గాలి కాకుండా ఇంజన్ పక్కన కాగిన గాలిని పీలుస్తోంది. ఎయిర్ క్లీనర్, అంటే గాలి ఫిల్టర్ ఉండే డబ్బా, గాలి పీల్చే మూతిని చల్లని చోటికి ఎలా మార్చుకున్నానో, మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నానో చెప్తాను. మీ దగ్గర పాత డీజిల్ బండి ఉంటే ఒక ఆదివారం పని ఇది.

మొదట ఒక మాట. కుర్రాళ్ళు అనుకున్నట్టు దీనివల్ల బండి రాకెట్ అయిపోదు. డీజిల్ ఇంజన్‌లో ఎంత నూనె పొయ్యాలో పంపు చూసుకుంటుంది. గాలి చల్లబడినంత మాత్రాన డీజిల్ ఎక్కువ పడదు. పడిన డీజిల్ పూర్తిగా మండుతుంది, పొగ తగ్గుతుంది, సైలెన్సర్ వైపు పోయే వేడి తగ్గుతుంది. అదే లాభం. ఘాట్ మీద అది చిన్న లాభం కాదు.

ఎందుకంటే హైవే మీద అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలి ఇంజన్ గదిలోంచి దూసుకుపోయి వేడిని ఊడ్చేస్తుంది. ఘాట్‌లో పదిహేనులో పాకుతున్నప్పుడు ఆ ఊడ్చే గాలి ఉండదు. రేడియేటర్ ఫ్యాను మాత్రం వేడి గాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది. బండికి గాలి ఎక్కువ కావలసిన చోటే గాలి పల్చబడుతుంది. పైగా కొరాపుట్ వైపు ఎక్కేకొద్దీ ఎత్తు. తొమ్మిదివందల మీటర్ల దగ్గర గాలి, మన సముద్రమట్టం గాలి కంటే ఎనిమిది తొమ్మిది శాతం పల్చన. దాన్ని మనం ఆపలేం. దానికి తోడు ఇంజన్ వేడి కలవకుండా మాత్రం ఆపగలం.

ఏ బండికి చెయ్యకూడదు

బీఎస్-6 బండి, అంటే కొత్త కాలుష్య నిబంధనల బండి అయితే ఇక్కడితో ఆగిపోండి. 2020 ఏప్రిల్ తరవాత వచ్చినవన్నీ అవే. ఎయిర్ క్లీనర్ పక్కన గాలిని కొలిచే సెన్సర్, దానికో వైరు సాకెట్ ఉన్న బండి ఏ సంవత్సరానిదైనా సరే, దీని జోలికి పోవద్దు. పైపు కొలత మారితే ఆ సెన్సర్ లెక్క తప్పుతుంది, మీటర్లో లైటు వెలుగుతుంది, తరవాత షోరూమ్ చుట్టూ తిరగాలి. ఈ పని సాదా పంపు ఉన్న పాత బండ్లకి. 407 రోడ్డెక్కింది 1986లో, మన జిల్లాల్లో ఇంకా పాతవి ధాన్యం మోస్తూ, ఇసుక మోస్తూ కనిపిస్తూనే ఉంటాయి. అలాంటివాటికి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అందుకే నేను ఎయిర్ క్లీనర్ డబ్బాని, దాని ఫిల్టర్ని, ఇంజన్‌కి పోయే పైపుని ముట్టుకోలేదు. బాడీకి కొత్త కంత పెట్టలేదు. చేసినదంతా గంటలో విప్పి పాత పద్ధతిలో పెట్టెయ్యొచ్చు. మీరూ అలాగే చెయ్యండి.

ఈ పని మొత్తానికి ఒక్కటే సూత్రం: ఫిల్టర్‌కి బయటివైపు ఏదైనా చెయ్యండి, లోపలివైపు చెయ్యి పెట్టకండి. బయటివైపు పైపులో దుమ్ముపడినా, తుప్పుపడినా ఫిల్టర్ ఆపుతుంది. లోపలివైపు ఇసుక రేణువు పడితే ఆపేవాడు లేడు. నేరుగా టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రం) రెక్కకి, అక్కణ్ణుంచి పిస్టన్ రింగులకి.

మరి విశాఖ షాపుల్లో దొరికే ఆ ఎర్రటి శంకు ఫిల్టర్ సంగతేమిటని అడుగుతారు. కంపెనీ డబ్బా తీసేసి, దాన్ని ఇంజన్ పక్కన బోర్లా బిగించి "కోల్డ్ ఎయిర్" అంటారు. బానెట్ కింద తెరిచి పెట్టిన ఫిల్టర్ చల్లగాలి ఎక్కడ పీలుస్తుంది? శబ్దం బాగుంటుంది, అంతే. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో రెండు ట్రిప్పులు తిప్పి, ఆ ఫిల్టర్ వెనక పైపులో వేలు పెట్టి చూడండి. గంధంలాంటి పొడి అంటుకుంటుంది. మన రోడ్లకి పెద్ద కాగితం ఫిల్టరే దిక్కు.

వేడి ఎంతో కొలవండి

కొలవకుండా పని మొదలుపెట్టొద్దు. ఫ్రిజ్ మెకానిక్‌లు వాడే చిన్న డిజిటల్ థర్మామీటరు ఉంటుంది, మీటరు పొడవు వైరు, వైరు చివర మొన. అలాంటివి రెండు కొనండి. ఒకదాని మొన ఎయిర్ క్లీనర్ గాలి పీల్చే మూతి దగ్గర జిప్ టైతో కట్టండి, లోహానికి తగలకుండా గాలిలో ఉండాలి. రెండోది సైడు అద్దం కింద నీడలో కట్టండి. రెండు థర్మామీటర్ల డబ్బాలూ క్యాబిన్‌లో కనపడేలా పెట్టుకోండి.

ఇప్పుడు లోడుతో మీ మామూలు రూటు తిరగండి. నేను గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కాను, పాత 43 నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 26. రామభద్రపురం దాకా బయట 36 డిగ్రీలుంటే మూతి దగ్గర 44 ఉంది. ఘాట్ సగం ఎక్కేసరికి బయట 36, మూతి దగ్గర 62.

దీని లెక్క సులువే. గాలి ప్రతి మూడు డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పల్చబడుతుంది. 26 డిగ్రీల తేడా అంటే ఎనిమిది శాతం గాలి పోయినట్టు. 407లో వేసే 497 ఇంజన్ 2956 సీసీ. టర్బో లేకుండా లెక్కేసినా, నిమిషానికి 2800 చుట్లు తిరిగే వేగంలో నిమిషానికి మూడున్నర వేల లీటర్ల గాలి పీలుస్తుంది. అందులో ఎనిమిది శాతం అంటే 280 లీటర్లు, పెద్ద నీళ్ళ డ్రమ్ముకి మించి. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉందిగా అనొచ్చు. అది టర్బో తరవాత వేడిని కొంత తీస్తుంది, కానీ అదీ అదే వేడి గాలిలో కూర్చుని ఉంది.

మీకు ఘాట్ మీద తేడా పది డిగ్రీల లోపే వచ్చిందనుకోండి, ఇక్కడితో మానెయ్యండి. మీ పొగకి కారణం వేరే ఉంది.

కొత్తది చేసే ముందు, ఉన్నది చూడండి

చాలా బండ్లకి కంపెనీవాడే చల్లగాలి పైపు ఇచ్చి ఉంటాడు. గ్రిల్ పక్కనుంచో, క్యాబిన్ వెనకనుంచో ఎయిర్ క్లీనర్‌కి ఒక రబ్బరు పైపు వస్తుంది. పదేళ్ళు గడిచేసరికి ఆ రబ్బరు పగులుతుంది, లేదంటే ఎప్పుడో మేస్త్రి ఇంజన్ పని చేసినప్పుడు విప్పి తిరిగి పెట్టడు. "అదేటీ లేకపోయినా బండి నడుస్తాది" అంటాడు. నడుస్తుంది, నిజమే.

నా బండికి జరిగింది అదే. పైపు మొదలు ఉంది, చివర లేదు. ఉన్న ముక్క కిందికి వేలాడి, సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి వచ్చే పైపుల గుత్తి) వైపు నోరు తెరుచుకుని ఉంది. చలిమంట దగ్గర కూర్చున్న ముసలాడిలా. మీ బండిది పగిలితే, ఆ మోడల్ పైపే దొరికితే అది కొనుక్కొచ్చి వేసెయ్యండి. ఇంతకంటే చవకైన మంచి పని లేదు. నా మోడల్‌కి సాలూరులో, విజయనగరంలో వెతికినా దొరకలేదు కాబట్టే మిగతా కథ.

మూతి ఎక్కడ పెట్టాలి

అసలు పని ఇక్కడే ఉంది. చల్లగా ఉండాలి, దుమ్ము తక్కువ ఉండాలి, నీళ్ళు అందకూడదు. మూడూ ఒకేచోట దొరకడం కష్టం.

బంపర్ వెనక చల్లగానే ఉంటుంది. కానీ నాకు తెలిసిన ఒకతను ట్రాలీకి అలాగే పెట్టాడు. తిత్లీ తుఫాను వచ్చిన 2018లో, అక్టోబరు వానల్లో, పలాస అవతల రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళలోకి బండి దించాడు. ముందు చక్రం లేపిన అల నేరుగా మూతిలోకి పోయింది. నీళ్ళని గాలిలా కుదించడం పిస్టన్ వల్ల కాదు కదా, పిస్టన్‌ని తోసే కన్‌రాడ్ వంగింది. ఇంజన్ విప్పి కట్టేసరికి ఆ సీజన్ సంపాదన పోయింది. నాగావళి, వంశధార పొంగే ఊళ్ళలో తిరిగే బండికి మూతి ఎప్పుడూ కిందికి పెట్టొద్దు.

గ్రిల్ ముందు ఎదురుగాలికి పెడితే గాలి తోసుకుని వస్తుందని ఇంకో వాదన. లెక్క చూద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తోపు పదహారు మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానం. చిటికెన వేలి వెడల్పు. ఎయిర్ ఫిల్టర్ గాలిని ఆపే బలం అంతకు పదిహేను ఇరవై రెట్లు. ఇక ఘాట్‌లో పదిహేను వేగానికి ఆ తోపు ఒక్క మిల్లీమీటరు. దీనికోసం వానని, ముందుపోయే లారీ దుమ్ముని, సాయంత్రం పురుగుల్ని నేరుగా ఆహ్వానించడం ఎందుకు?

సాలూరులో వరసగా ఆగి ఉన్న పెద్ద లారీల్ని చూడండి. లారీల ఊరు కాబట్టి అక్కడ చూడ్డానికి కొదవలేదు. గాలి పైపు క్యాబిన్ వెనకనుంచి పైకి లేచి, పైకప్పు ఎత్తున పక్కకి తెరుచుకుని ఉంటుంది. పెద్ద కంపెనీల ఇంజనీర్లు ఎన్నో ఏళ్ళు చూసి పెట్టిన చోటు అది. చక్రాల దుమ్ము అంత ఎత్తుకి తక్కువ లేస్తుంది, నీళ్ళు రావు, ఇంజన్ వేడి తగలదు. నేనూ అదే కాపీ కొట్టాను. క్యాబిన్ వెనక, ఎడమవైపు, మూతి పక్కకి చూస్తూ. సైలెన్సర్ కొన ఏ వైపు ఉందో చూసుకుని దానికి ఎదుటి వైపు పెట్టండి.

ఒక్క జాగ్రత్త. మూతి వెనక్కి తిరిగి, బాడీ వైపు చూస్తూ ఉండకూడదు. జీడిపప్పు బస్తాలో, గడ్డో వేసి టార్పాలిన్ కట్టినప్పుడు దాని కొస ఎగిరి వచ్చి మూతికి అతుక్కుంటుంది. ఇంజన్ దాన్ని గట్టిగా పీల్చి పట్టుకుంటుంది. బండి ఊపిరాడక ఆగిపోతే కారణం దొరకడానికి పూట పడుతుంది.

పైపు, దాని కొలత

ఎయిర్ క్లీనర్ డబ్బా మూతి లోపలి కొలత తీసుకోండి. కొత్త పైపు ఎక్కడా దానికంటే సన్నబడకూడదు. దూరం మీటరు దాటితే ఒక సైజు పెద్దదే వెయ్యండి. నాది మూడంగుళాలు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఇంట్లో పొలం పంపుసెట్టుకి వాడగా మిగిలిన ఆకుపచ్చ సక్షన్ పైపు ఉంది, రెండున్నర అంగుళాలది. అర అంగుళమే కదా తేడా అనుకున్నాను. వంపులు తిరుగుతుంది, డబ్బు పెట్టక్కర్లేదు. రెండున్నర పైపు గుండా గాలి పోయే చోటు మూడంగుళాల దానికంటే ముప్పై శాతం తక్కువని అప్పుడు లెక్క వెయ్యలేదు. పైగా లోపలంతా గట్లు గట్లుగా ఉంటుంది, గాలి రాచుకుంటూ పోతుంది. అన్నిటికీ మించి అది ఎండకీ ఇంజన్ సెగకీ మెత్తబడింది. మూడో రోజు బొడ్డవలస దాటాక బండి దిగి చూస్తే, వంపు దగ్గర పైపు నలిగిన పాపిడి బిళ్ళలా చదునుగా అంటుకుపోయి ఉంది. చల్లగాలి ఇచ్చాననుకుని గొంతు పిసికాను.

కాబట్టి రెండు రకాల పైపులు కలపండి. క్యాబిన్ వెనక నిటారుగా లేచే భాగానికి మూడంగుళాల గట్టి పీవీసీ పైపు చాలు. అక్కడ వేడి ఉండదు, సందేహం లేదు. ఎండకి పెళుసెక్కకుండా పెయింటు వెయ్యండి. ఇంజన్ దగ్గరి భాగానికి పీవీసీ వద్దు, ఎనభై డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడుతుంది. అక్కడ సైలెన్సర్ పని చేసేవాళ్ళ దగ్గర దొరికే వంచిన ఇనుప పైపు ముక్క వాడండి. అతుకు వెల్డింగ్ చేయించాక లోపలి పొక్కుల్ని సుత్తితో కొట్టి రాల్చి, కంప్రెసర్ గాలితో ఊది, లోపలా బయటా ప్రైమర్ వెయ్యండి.

వంపులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. చటుక్కున తిరిగే 90 డిగ్రీల ప్లంబింగ్ ఎల్బో కంటే నిదానంగా తిరిగే బెండు చాలా నయం. నాకు మొత్తం రెండు బెండులు పట్టాయి.

ఒక ముఖ్యమైన విషయం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. స్టార్టింగ్‌లో, ఆపేటప్పుడు ఇంజన్ ఊగుతుంది. క్యాబిన్ వేరేగా ఊగుతుంది. క్యాబిన్‌కి బిగించిన పైపుని ఛాసిస్‌కి బిగించిన డబ్బాతో గట్టిగా కలిపితే నెలలో ఏదో ఒకటి పగులుతుంది. మధ్యలో ఆరంగుళాల మెత్తని రబ్బరు హోసు ఉండాలి, లోపల తీగ చుట్ట ఉన్న రకం. తీగ లేని హోసు పీల్పుకి లోపలికి ముడుచుకుంటుంది. క్యాబిన్ పైకి ఎత్తే బండి అయితే ఆ హోసు ఎత్తినప్పుడు తేలికగా విడిపోయేలా ఉండాలి.

రేకు అడ్డం

పైపు ఎంత చల్లగాలి తెచ్చినా డబ్బా పొయ్యి పక్కన ఉంటే సగం పని వృథా. మానిఫోల్డ్ వైపు రేకు ఒకటి అడ్డం పెట్టాలి. మెరిసే అల్యూమినియం రేకు ఉత్తమం, లేకపోతే జీఐ రేకు. ముందు అట్టపెట్టె చింపి కొలత కత్తిరించి, బానెట్ మూసి తెరిచి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాక అదే కొలతకి రేకు కత్తిరించండి. నేను అట్టతో మూడుసార్లు చేశాను. రేకు ఒక్కసారే కోశాను.

డబ్బాకీ రేకుకీ మధ్య అంగుళం సందు వదలండి. ఆ సందులో గాలి ఆడితేనే వేడి ఆగుతుంది. డబ్బాకి అతికిస్తే రేకు వేడిని మోసుకొచ్చి అందిస్తుంది. అంచులకి తలుపు రబ్బరు బీడింగు తొడగండి, లేదంటే వైర్లని కోసేస్తుంది. బిగించడానికి కొత్త కంతలు వద్దు. ఉన్న బోల్టుల కిందే చిన్న పట్టీలు పెట్టి నిలబెట్టొచ్చు. ఫ్యానుకీ బెల్టుకీ కనీసం మూడు వేళ్ళ దూరం.

బిగించడం

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి, చక్రాలకి రాయి పెట్టండి. పాత పైపు విప్పగానే డబ్బా మూతిని శుభ్రమైన గుడ్డతో కప్పండి. బోల్టో వాషరో అందులో పడితే వెతుక్కోవడం మీ పనే. గుడ్డ తియ్యడం మరిచిపోయిన మహానుభావుల్నీ చూశాను, అందుకే ఎర్రగుడ్డ వాడండి.

క్లిప్పులు మంచివి కొనండి. బిగించేటప్పుడు ముందు అన్నీ వదులుగా తొడిగి, మొత్తం పైపు తన దారి తాను చూసుకుని కూర్చున్నాక, అప్పుడు కింది నుంచి పైకి వరసగా బిగించండి. ఒక చివర గట్టిగా బిగించి రెండో చివర లాగితే హోసు మెలిపడుతుంది.

నిలువు పైపు అడుగున, అన్నిటికంటే కింద ఉన్న చోట, చిటికెన వేలంత కంత పెట్టి, లోపలి నీళ్ళు కారేలా పెదవులున్న రబ్బరు వాల్వు తొడగండి. లారీ ఎయిర్ క్లీనర్ డబ్బా కింద నల్లగా వేలాడుతూ ఉంటుందే, అదే. వానలో కొన్ని చుక్కలు ఎలాగూ వస్తాయి. అవి ఫిల్టర్ దాకా పోకుండా ఇక్కడే దిగాలి. ఇంజన్ నుంచి ఆవిరి పైపు ఏదైనా ఎయిర్ క్లీనర్ వెనక పైపులో కలిస్తే, దాన్ని ఉన్నది ఉన్నట్టే తిరిగి పెట్టండి. మూసేస్తే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్ళు తన్నుకుని ఊడతాయి.

లీకు చూసుకోవడం

బండి ఆన్ చేసి, వెలిగించిన అగరుబత్తి పొగని అతుకుల చుట్టూ తిప్పండి. పొగ ఎక్కడైనా లోపలికి వంగిపోతే అక్కడ లీకు. చుట్టుపక్కల డీజిల్ తడి లేకుండా తుడుచుకున్నాకే ఈ పని. బయటివైపు చిన్న లీకు ఉన్నా ప్రమాదం లేదు, కాస్త వేడిగాలి కలుస్తుంది, అంతే. భయపడాల్సింది ఫిల్టర్ లోపలివైపు లీకుకే. మీరు దాన్ని ముట్టుకోకపోయినా ఈ వంకన ఒకసారి చూడండి. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి పోయే పైపు విప్పి, లోపల వేలితో పల్చగా గ్రీజు రాసి, తిరిగి బిగించి రెండువందల కిలోమీటర్లు తిరగండి. మళ్ళీ విప్పి తెల్లగుడ్డతో తుడవండి. గ్రీజు తేటగా ఉంటే మంచిదే. గరగరలాడితే ఫిల్టర్ సీలో, ఆ హోసో దుమ్ము వదులుతోంది. ముందు అది మార్చండి, చల్లగాలి తరవాత.

తాపీమేస్త్రి లెవెల్ పైపుతో పరీక్ష

కొత్త పైపు ఇంజన్‌కి ఊపిరాడనిస్తోందా లేదా? దీనికి మీటరు కొనక్కర్లేదు. తాపీమేస్త్రులు గోడ మట్టం చూసే తెల్లని నీళ్ళ పైపు చాలు.

నాలుగు మీటర్ల పైపు తీసుకోండి. మధ్యలో మడిచి, మీటరుకి పైగా పొడవున్న చెక్కకి రెండు కాళ్ళూ పక్కపక్కనే నిలువుగా కట్టండి. సగం దాకా నీళ్ళు పొయ్యండి, కాస్త పసుపు కలిపితే బాగా కనపడుతుంది. ఒక కొన గాలికి వదిలెయ్యండి. రెండో కొన ఫిల్టర్ తరవాత, టర్బోకి ముందు ఉండే నిప్పుల్‌కి తొడగండి. చాలా డబ్బాలకి ఫిల్టర్ ఇండికేటర్ పెట్టే చోటు అక్కడే ఉంటుంది. లేకపోతే ఈ పరీక్ష మానెయ్యండి కానీ బండి మీద ఉన్న పైపుకి డ్రిల్లు పెట్టకండి, ఆ చెక్కు లోపలికే పోతుంది.

న్యూట్రల్‌లో రేజ్ చేస్తే సరైన లెక్క రాదు. లోడుతో ఎత్తు ఎక్కుతూ ఫుల్ యాక్సిలరేటర్‌లో చూడాలి. నేను తోలుతుంటే మా క్లీనర్ కుర్రాడు చెక్క పట్టుకుని కూర్చున్నాడు. ఆకుపచ్చ సక్షన్ పైపు ఉన్న రోజున ఘాట్ మొదలవగానే, "అన్నియ్యా, నీళ్ళు తేలిపోతన్నాయి, నోట్లోకి పోతాయేటి!" అని అరిచాడు. రెండు కాళ్ళలో నీళ్ళ ఎత్తుల మధ్య తేడా 22 అంగుళాలు. టర్బో డీజిల్‌కి సాధారణంగా 25 అంగుళాలు చివరి హద్దు, ఫిల్టర్ మూసుకుపోయిందనడానికి గుర్తు. నా ఫిల్టరేమో కొత్తది. తప్పంతా పైపుదే. మూడంగుళాల పైపు వేశాక అదే ఎత్తు మీద 12 వచ్చింది. టర్బో లేని బండికి హద్దు ఇంకా తక్కువ, 20 దగ్గరే అనుకోండి. మీది 15 దాటితే ఎక్కడో వంపు ఎక్కువైంది, లేదా పైపు సన్నమైంది.

తరవాత ఏం మారింది

మళ్ళీ రెండు థర్మామీటర్లతో అదే ఘాట్, అలాంటి మధ్యాహ్నమే. బయట 37, డబ్బాలోకి పోయే గాలి 41. పొగ పూర్తిగా పోలేదు, కానీ వెనక వచ్చే బండి కనిపించేంత తగ్గింది. రెండో గేరులో పడే మలుపులు రెండింటిని మూడులోనే లాక్కుని ఎక్కింది. మైలేజీ పెరిగిందా అంటే, ట్యాంకు నుంచి ట్యాంకుకి లోడు మారే బండికి నేను చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మను.

ఇక్కడే మేస్త్రి ఒకాయన ఆశ పెట్టాడు. "గాలి బాగా వస్తంది కదా, పంపు కూసింత తిప్పుదాం, గుర్రంలా లాగుతాది" అని. వద్దన్నాను, మీరూ వద్దనండి. డీజిల్ ఎక్కువ పోస్తే మొదటి వారం బాగానే లాగుతుంది. ఆ వేడంతా పిస్టన్ తలకీ టర్బోకీ తగులుతుంది, తగ్గించుకున్న పొగ మళ్ళీ వచ్చి కాలుష్యం సర్టిఫికెట్ దగ్గర పట్టిస్తుంది. పంపు సీలు పగలగొట్టకుండా వదిలేస్తే ఈ పని వల్ల ఇంజన్‌కి మేలే గాని కీడు లేదు.

ఖర్చు నాకు రెండువేల లోపే అయింది. అందులో క్లిప్పులూ రబ్బరు హోసే ఎక్కువ తిన్నాయి.

మూతికి పైన చిన్న టోపీలా రేకు వంచి పెట్టండి, కింద జాలీ కట్టండి. దోమతెర వద్దు, నాలుగు రోజుల్లో ధాన్యం నూగుతో పూడుకుపోతుంది. పావు అంగుళం కన్నులున్న ఇనుప జాలీ చాలు, ఆకుల్నీ పిట్టల్నీ ఆపుతుంది. నేను మొదట జాలీ పెట్టలేదు. సంక్రాంతికి బండి నాలుగు రోజులు ఇంటిముందు ఆగింది. ఐదో రోజు స్టార్ట్ చేస్తే బరువుగా ఉంది, టోపీ విప్పితే నిలువు పైపులో కందిరీగలు అరచేతంత మట్టిగూడు కట్టేసి ఉన్నాయి. వాటికీ చల్లగా ఉన్నట్టుంది.